చేతులు చూపించు

పొద్దున్న ఆరున్నరకి పెరట్లో కుళాయి చప్పుడైందంటే అమ్మమ్మ లేచిందని అర్థం. ముందు ఎర్ర సబ్బు, తర్వాత పీచు, మళ్ళీ ఎర్ర సబ్బు. మోచేతుల దాకా మూడుసార్లు. ఆ సబ్బు ఆవిడ ఒక్కదానిదే, ఇంట్లోవాళ్ళ సబ్బు పక్కన దాన్ని పెట్టకూడదు. ఆవిడ కంచానికీ గ్లాసుకీ అడుగున ఎర్ర రంగు చుక్కలుంటాయి. ఇల్లు మూడు గదులే గానీ నియమాలు మాత్రం పెద్ద ఆఫీసుకి సరిపోయేన్ని ఉన్నాయి.

కడుక్కోవడం అయ్యాక ఆవిడ వంటింటి గుమ్మం బయట నిలబడింది. లోపలికి రావాలంటే అనుమతి కావాలి.

"చేతులు చూపించు" అంది కూతురు, పొయ్యి మీది పాల నుంచి చూపు తిప్పకుండానే.

అమ్మమ్మ రెండు చేతులూ చాపింది. వేళ్ళ చివర, గోళ్ళ చుట్టూ, అరచేతి గీతల్లో నల్లటి మచ్చలు. ముప్పై ఏళ్ళు జీడిపప్పు కర్మాగారంలో పిక్కలు కొట్టిన చేతులవి. జీడిపిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. చేతులకి బూడిద పూసుకుని పనికి కూర్చున్నా అది తన పని తాను చేసుకుపోతుంది. ఆవిడ ఆ పని మానేసి ఆరేళ్ళయింది. మచ్చలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

"వాసన" అంది కూతురు.

అమ్మమ్మ చేతులు ఇంకాస్త ముందుకి పెట్టింది. కూతురు ముక్కు దగ్గరికి తెచ్చుకోకుండా, ముక్కే కొంచెం వంచి వాసన చూసింది.

"నలుపు అలాగే ఉందేంటి?"

"అది పోదమ్మా. చర్మం లోపలికి దిగిపోయింది."

"పోదని నువ్వు తేల్చేస్తే సరిపోతుందా? రుద్దితేగా పోయేది. ఒళ్ళు వంగదు నీకు."

ఇది రోజూ ఉండే మాటే. అమ్మమ్మకి అలవాటైపోయింది. కానీ ఆ పొద్దున్న అక్కడితో ఆగలేదు. నిద్రకళ్ళతో పిట్ట వంటింట్లోకి వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్ల. తిండి దగ్గర కూర్చుంటే పిట్టలా రెండు గింజలు ఏరుకుని లేచిపోతుందని చిన్నప్పుడే ఆ పేరు స్థిరపడిపోయింది. పిల్ల పెదాల చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయి ఉంది.

కూతురు పాలగిన్నె దించకుండానే పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. తర్వాత గుమ్మం వైపు తిరిగింది.

"ఏం పెట్టావు దీనికి?"

"నేనేం పెడతానమ్మా? వంటింట్లోకే రానివ్వవు కదా."

"రానివ్వకపోతేనే ఇలా ఉంది. రానిస్తే ఇంకేం చేసేదానివో!"

"అమ్మా, అమ్మమ్మ ఏమీ పెట్టలేదే" అంది పిట్ట, పెదాలు నాలుకతో తడుపుకుంటూ.

"నిన్నెవరూ అడగలేదు. వెళ్ళి మొహం కడుక్కో."

ఈలోగా పాలు పొంగి పొయ్యి మీద పోయాయి. ఆ తప్పు కూడా అమ్మమ్మ ఖాతాలోకే వెళ్ళింది.

అల్లుడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. అతనిది నీటి మీటర్లు చూసే ఉద్యోగం. వీధులన్నీ తిరిగి, మీటరు మూత ఎత్తి, అంకె చూసి రాసుకుంటాడు. మనుషులు అబద్ధాలాడతారు గానీ అంకె ఆడదని అతని గట్టి నమ్మకం. మంచివాడే. కాకపోతే భార్య గొంతు పెరిగిందంటే అతని మంచితనం చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోతుంది.

"గొడవెందుకు? పిల్లకి మళ్ళీ ఒకసారి ఆ జీడిపప్పు అలర్జీ రక్త పరీక్ష చేయిద్దాం. ఆరేళ్ళయింది కదా. అంకె ఏం చెబితే అది" అన్నాడు.

"సరే, చేయిద్దాం" అంది కూతురు. "అంకె తగ్గితే నేను నోరెత్తను. పెరిగిందా, అమ్మ ఇంక ఈ ఇంట్లో ఉండదు. నా బ్యూటీ పార్లర్ వెనక గదిలో ఉంటుంది. తిండి అక్కడే, పడక అక్కడే. పిట్ట అటు వెళ్ళదు, తను ఇటు రాదు."

"పిల్లని చూడాలనిపిస్తే?" అంది అమ్మమ్మ మెల్లగా.

"చూడక్కర్లేదు. నువ్వు చూసినంతకాలం చూశాంగా, ఏమైందో."

ఆ ఇంట్లో అమ్మమ్మకి ఉన్న సుఖం ఒక్కటే. సాయంత్రం పిట్ట బడి నుంచి వచ్చాక హాల్లో ఆ గోడకి తను, ఈ గోడకి ఆవిడ కూర్చుని, మధ్యలో ఆరడుగుల జాగా వదిలి, కథలు చెప్పుకునేవాళ్ళు. ముట్టుకోకపోయినా గొంతు వినపడేది. ఇప్పుడు అదీ పోతుంది.

ఆరేళ్ళ క్రితం పిట్టకి రెండేళ్ళప్పుడు ఒక రోజు ముఖమంతా పొక్కి, కళ్ళు మూసుకుపోయేంత వాచింది. వీధి చివర ల్యాబ్‌లో అన్ని రకాల అలర్జీలకీ కలిపి ఒకే రక్త పరీక్ష చేస్తామంటే చేయించారు. రిపోర్టులో ఇరవై పేర్లున్నాయి. జీడిపప్పు పక్కన మాత్రం సున్నా పాయింట్ తొమ్మిది అని ఉంది, కింద గీత గీసి ఉంది. అక్కడ కూర్చున్న డాక్టరు హడావిడిగా అడిగాడు, "పాప ఇంతకుముందు జీడిపప్పు ఎప్పుడైనా తిందా?"

"ఛీ ఛీ, ఎప్పుడూ లేదు. నేను మా ఇంట్లోకే రానివ్వను" అంది కూతురు.

తెర అవతల అమ్మమ్మ కర్మాగారం బట్టల్లోనే నిలబడి ఉంది. ఆవిడ తెర కాస్త తీసి ఏదో చెప్పబోయింది. కూతురు తిరిగి ఒక్క చూపు చూసింది. అమ్మమ్మ నోరు మూసుకుంది. డాక్టరు కాగితం మీద 'పెట్టకండి' అని రాశాడు. కూతురు ఆ ఒక్క మాటతో ఒక చట్టమే రాసుకుంది.

నిజం చెప్పాలంటే ఆ చేతుల మీద కూతురికి అసహ్యం ఆ కాగితంతో మొదలు కాలేదు. చిన్నప్పుడు బడి గేటు దగ్గరికి అమ్మ వస్తే, "ఆవిడెవరే? చేతులు అలా కాలిపోయాయేంటి?" అని పిల్లలు అడిగారు. "మా పనిమనిషి" అని చెప్పింది తను. అమ్మకి వినపడింది. మర్నాటి నుంచి అమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని వచ్చేది. పెద్దయ్యాక కూతురు బ్యూటీ పార్లర్ పెట్టుకుంది. ఊళ్ళోవాళ్ళ చేతులన్నీ ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు దిద్దుతుంది, నూనె రాసి మర్దన చేస్తుంది. కన్నతల్లి చేయి పట్టుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలియదు. ల్యాబ్ కాగితం వచ్చాక ఆ అసహ్యానికి ఒక సర్టిఫికెట్ దొరికినట్టయింది.

ల్యాబ్‌లో రక్తం తీసే అమ్మాయి పిట్ట చేతికి రబ్బరు పట్టీ బిగించింది. సూది చూడగానే పిల్ల బిగుసుకుపోయింది.

"అమ్మమ్మని పిలవండి. అమ్మమ్మ చెయ్యి పట్టుకుంటే ఏడవను" అంది.

"నేనున్నాగా" అంది కూతురు.

"నువ్వు కాదు, అమ్మమ్మ!"

అమ్మమ్మ అద్దం తలుపు అవతల నిలబడి ఉంది. పిల్ల మాట వినపడక్కర్లేదు, పెదాలు చూస్తే తెలుస్తోంది. ఆవిడ ఒక అడుగు వేసింది.

"అక్కడే ఉండు" అని కూతురు లోపలి నుంచే చెయ్యి చూపించింది.

సూది దిగింది. పిట్ట గుక్క పెట్టి ఏడ్చింది. రక్తం తీసే అమ్మాయి దూది అదుముతూ, "పాపం, పెద్దావిడని రానివ్వొచ్చుగా మేడమ్" అంది.

"మీ పని మీరు చూసుకోండి" అంది కూతురు.

రెండు రోజుల తర్వాత రిపోర్టు అల్లుడి ఫోనుకి వచ్చింది. అతను కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. గొంతు సవరించుకున్నాడు.

"అప్పుడు సున్నా పాయింట్ తొమ్మిది. ఇప్పుడు నాలుగు పాయింట్ రెండు" అన్నాడు. అంకె చదివినందుకు తనదేం తప్పు లేదన్నట్టు ఫోను బల్ల మీద పెట్టేశాడు.

"విన్నావా?" అంది కూతురు.

"విన్నానమ్మా."

"ఇంకేం? సంచి సర్దుకో."

ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి సామాను సర్దడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. నాలుగు జతల బట్టలు, ఎర్ర చుక్క గ్లాసు, ఎర్ర చుక్క కంచం, సబ్బు. గుమ్మం దాటుతుంటే పిట్ట పరిగెత్తుకొచ్చింది. కూతురు పిల్లని జబ్బ పట్టుకుని ఆపింది. అమ్మమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని, "బాగా తినమ్మా. ఏరుకోకుండా తిను" అని మాత్రం చెప్పి వెళ్ళింది. అల్లుడు ఆ సమయానికి మీటర్ల పుస్తకంలో ఏదో వెతుక్కుంటున్నాడు.

పార్లర్ వెనక గదిలో కాలు విరిగిన కుర్చీ ఒకటి, జుట్టుకి రంగేసే డబ్బాలు, ఖాళీ సీసాలు ఉన్నాయి. మందుల ఘాటుకి కళ్ళు మండేవి. మధ్యలో ఉన్నది చెక్క గోడే కాబట్టి అవతలి మాటలన్నీ వినపడేవి.

"మీ వేళ్ళు ఎంత బాగుంటాయి మేడమ్! ఇలా ఇవ్వండి, భయపడకండి, నొప్పి తెలియకుండా చేస్తాను."

అది తన కూతురి గొంతే. ఆ గొంతులో అంత మెత్తదనం ఉందని అమ్మమ్మకి ఆ గదికి వచ్చాకే తెలిసింది. గోడకి వీపు ఆనించి కూర్చుని వినేది. తనతో కాకపోయినా, తన కూతురు ఎవరితోనో ఒకరితో అంత ప్రేమగా మాట్లాడుతోందని సంతోషించేది. ఆవిడ మనసు అలాంటిది. అందుకే అందరూ తొక్కుకుంటూ పోయారు.

అంకె పెరిగిందని కూతురికి భయం పట్టుకుంది. ఈసారి ల్యాబ్ డాక్టరుతో సరిపెట్టకుండా పెద్దాసుపత్రిలో పిల్లల అలర్జీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆవిడ నడివయసు మనిషి. ముక్కు చివర కళ్ళజోడు, ముక్కుసూటి మాట. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. పిట్ట పెదాలు చూసింది.

"పాపా, పెదాలు నాక్కుంటూ ఉంటావా?"

పిట్ట సిగ్గుపడి తలూపింది, ఊపుతూ మళ్ళీ నాక్కుంది.

"ఈ ఎరుపు దానివల్ల. దీనికీ జీడిపప్పుకీ సంబంధం లేదు. సరే, అసలు విషయానికొద్దాం. పిల్ల జీడిపప్పు తిన్నప్పుడు ఏమైంది?"

"ఎప్పుడూ తినలేదండి."

"తినకుండానే పడదని ఎలా తెలిసింది?"

"రిపోర్టులో ఉందిగా!"

"రిపోర్టులో ఉన్నది అంకె" అంది డాక్టరు. "ఒంట్లో దాని జాడ ఉందని చెబుతుంది, అంతే. తింటే పడదని దానంతటది చెప్పదు. తిన్నప్పుడు ఏమైందో తెలిస్తేనే ఆ అంకెకి అర్థం."

అల్లుడు ఉండబట్టలేక అన్నాడు, "మీటరు తిరిగిందంటే నీళ్ళు వాడినట్టేగా మేడమ్?"

"మీరు మీటర్లు చూస్తారా? మరి పైపులో గాలి తోసుకొచ్చినా మీటరు తిరుగుతుంది కదా?"

అల్లుడు అవునన్నట్టు తలూపాడు. తిరుగుతుంది. అలాంటి బిల్లుల మీద ఎంతమంది తనతో పోట్లాడలేదు! ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ సంగతి తన ఇంటికి వర్తిస్తుందని అతనికి తట్టలేదు.

"చిన్నప్పుడు పిల్లకి తిండి పెట్టిందెవరు?" అడిగింది డాక్టరు.

"మా అమ్మ. పొద్దుటి షిఫ్టు చేసుకుని వచ్చి మధ్యాహ్నం నుంచి చూసుకునేది. నేను పార్లర్‌లో ఉండేదాన్ని."

"ఆవిడెక్కడ?"

పిట్టే చెప్పింది, "రంగు డబ్బాల గదిలో."

డాక్టరు కళ్ళజోడు తీసి ముగ్గురినీ చూసింది. "ఆవిడని తీసుకురండి. ఆవిడ వచ్చేదాకా నేనేమీ చెప్పను."

అల్లుడే వెళ్ళి తీసుకొచ్చాడు. అమ్మమ్మ డాక్టరు గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది, అలవాటు కొద్దీ చేతులు చాపి. డాక్టరుకి అర్థం కాలేదు.

"ఏంటమ్మా అది? లోపలికి రండి, కూర్చోండి. ఒక్క మాట అడుగుతాను, భయపడకుండా చెప్పండి. ఈ పిల్ల రెండేళ్ళ లోపు ఎప్పుడైనా జీడిపప్పు తిందా?"

అమ్మమ్మ కూతురి వైపు చూసింది. అదే చూపు, ఆరేళ్ళ నాటి చూపు ఎదురుగా ఉంది. ఎలాగూ గెంటేశారు, ఇంకేం చేస్తారనుకుంది.

"తిందండి" అంది. "నేనే పెట్టాను."

డాక్టరు కలం పక్కన పెట్టి, చెప్పమన్నట్టు తలూపింది.

"పిల్ల బరువు పెరగట్లేదని, పాలు తప్ప ఏదీ తినట్లేదని నాకు దిగులుగా ఉండేదండి. కర్మాగారంలో విరిగిన ముక్కలు మాకు ఇచ్చేవాళ్ళు. మెత్తగా పొడిచేసి పాలల్లో కలిపి పట్టేదాన్ని. మా అమ్మాయికి చెబితే తిడుతుందని చెప్పలేదు. అది పది నెలల పిల్లప్పటి నుంచి... రోజూ. మొహం పొక్కిన రోజు దాకా." ఆవిడ డాక్టరు కాళ్ళ దగ్గరికి వంగిపోయింది. "నా చేతులతో నేనే దాని ఒంట్లోకి విషం ఎక్కించానండి. ఆరేళ్ళ నుంచి చెప్పలేక చచ్చిపోతున్నాను. నన్ను ఏమైనా చెయ్యండి, పిల్లకి మాత్రం మందివ్వండి."

కూతురు కుర్చీలోంచి లేచిపోయింది. "రోజూ పెట్టావా! దొంగచాటుగా నా బిడ్డకి విషం పెట్టి, ఏమీ ఎరగనట్టు నా ఇంట్లోనే తిని కూర్చున్నావా! నువ్వు అమ్మవేనా అసలు?"

"కూర్చోండి!" అంది డాక్టరు. అంతవరకూ ఎవరూ ఆ గొంతులో కూతురితో మాట్లాడలేదు. ఆమె కూర్చుంది.

డాక్టరు అమ్మమ్మ భుజాలు పట్టుకుని లేపింది. "రోజూ పెట్టారు. ఏడాదికి పైగా. ఒక్కసారైనా దద్దుర్లు, వాంతి, దగ్గు, ఊపిరాడకపోవడం?"

"ఒక్కరోజు కూడా లేదండి. అది తాగిన ఒక్కటీ ఆ పాలే."

"మొహం పొక్కిన రోజు ఏం జరిగింది?"

"ఆ రోజు నాకు ఆలస్యమైంది. పిల్ల గుక్క పట్టి ఏడుస్తుంటే పని బట్టలతోనే ఎత్తుకున్నాను. నా భుజం మీద మొహం రుద్దుకుంటూ నిద్రపోయింది. రెండు రోజులకి పొక్కింది."

"అది పెంకు నూనె వల్ల వచ్చిన పొక్కు అయి ఉంటుందమ్మా. మీ చేతులు కాల్చిన నూనే. పప్పు వేరు, పెంకు వేరు. పిల్ల పప్పు హాయిగా తిని అరిగించుకుంది." డాక్టరు కూతురి వైపు తిరిగింది. "ఈ కాగితానికి అర్థం చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడని మీరు గుమ్మం బయట నిలబెట్టారు."

కూతురికి తల కొట్టేసినట్టయింది.

"ఇప్పుడు పడుతుందో లేదో మాత్రం చెప్పలేను" అంది డాక్టరు. "ఇక్కడే, మందులన్నీ సిద్ధంగా పెట్టుకుని, నా కళ్ళ ముందు కొంచెం కొంచెంగా తినిపించి చూద్దాం. ఇంట్లో మాత్రం ఎవరూ ఇలాంటి ప్రయత్నం చెయ్యొద్దు."

వారం తర్వాత పొద్దున్నే ఆసుపత్రి మంచం మీద పిట్ట కాళ్ళూపుకుంటూ కూర్చుంది. నర్సు చిన్న చిన్న గిన్నెల్లో ముక్కలు తూచి వరుసగా పెట్టింది. మొదటిది ఇసుక రేణువంత. ఎవరు పెడతారంటే పిట్ట అమ్మమ్మ వైపు వేలు చూపించింది.

"చేతికి తొడుగులు వేసుకోనా?" అని అమ్మమ్మ కూతుర్ని అడిగింది.

డాక్టరే జవాబు చెప్పింది, "అక్కర్లేదు. అలాగే పెట్టండి."

నల్లటి వేళ్ళు పిట్ట నోటి దగ్గరికి వెళ్ళాయి. ఆరేళ్ళ తర్వాత ఆ పిల్ల పెదాలు ఆ వేళ్ళకి తగిలాయి. అమ్మమ్మ కళ్ళు నిండాయి, కానీ తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. ఇరవై నిమిషాలు గడిచాయి, ఏమీ కాలేదు. రెండో గిన్నె. మళ్ళీ ఇరవై నిమిషాలు. పిట్ట నవ్వుతూ, "ఇంతేనా? బావుంది" అంది. అల్లుడు గోడ గడియారం చూస్తూ వేళ్ళ మీద నిమిషాలు లెక్కపెడుతున్నాడు.

కూతురు కిటికీ దగ్గర నిలబడి ఉంది. సంతోషించాలి. కానీ ఆమెకి వచ్చింది సంతోషం కాదు. పిల్లకి నిజంగా ఏమీ కాకపోతే ఆ ఎర్ర చుక్కలకి, ఆ సబ్బుకి, ఆ రంగు డబ్బాల గదికి ఏం సమాధానం చెప్పాలి? ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఏదో ఒకటి అయితే బాగుండునని ఆమె మనసు అనుకుంది. తల్లి మనసు అలా అనుకోదంటారు. అనుకుంది.

మూడో గిన్నె తిన్న పది నిమిషాలకి పిట్ట మెడ గోక్కుంది. తర్వాత దగ్గింది. తర్వాత ఆపకుండా దగ్గింది. మెడ మీద, పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు తేలాయి, పెదవి వాచింది. "అమ్మమ్మా, గొంతులో ఏదో..." అంది పిల్ల. నర్సు అప్పటికే తొడ మీద ఇంజెక్షన్ పొడిచేసింది. డాక్టరు ఒక చేత్తో నాడి పట్టుకుని, ఇంకో చేత్తో ఆక్సిజన్ గొట్టం పెట్టింది. ఎవరూ కంగారు పడలేదు, ఇంటివాళ్ళు తప్ప. కాసేపటికి దగ్గు ఆగింది, దద్దుర్లు అణిగాయి. అలసిపోయిన పిల్ల కళ్ళు మూసుకుంది.

ప్రాణం కుదుటపడగానే కూతురు తల్లి మీద విరుచుకుపడింది.

"చూశావా! కళ్ళు చల్లబడ్డాయా? నీ చేత్తో పెట్టి నా పిల్లని చంపబోయావు! నేను మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను, నీ చేతులే..."

"ఇంక చాల్లే" అన్నాడు అల్లుడు. పదేళ్ళ కాపురంలో అతను ఆ మాట అనడం అదే మొదలు. "వెళ్ళి దానికి వేరే గౌను తీసుకురా."

కూతురు విసురుగా బయటికి వెళ్ళింది. వరండాలో బల్ల మీద సంచి విప్పి గౌను తీసింది. తిరిగి వచ్చేసరికి అల్లుడు పిల్ల మంచం దగ్గర కూర్చుని ఉన్నాడు. పక్క గది తలుపుకి తెర వేసి ఉంది. లోపల డాక్టరు, అమ్మమ్మ. కూతురు తెర ఇవతలే ఆగిపోయింది.

"అప్పుడు తిన్నది, ఇప్పుడెందుకు పడలేదండి?" అమ్మమ్మ అడుగుతోంది.

"ఖచ్చితంగా చెప్పలేనమ్మా. కానీ కొంతమంది పిల్లల్లో ఇలా జరుగుతుంది. రోజూ తింటున్నంత కాలం ఒళ్ళు దానికి అలవాటుపడి ఉంటుంది. ఏళ్ళ తరబడి పూర్తిగా ఆపేస్తే ఆ అలవాటు పోయి, అప్పుడు నిజంగా పడకుండా పోవచ్చు. మీరు పెట్టిన పాలు దానికి మేలే చేసి ఉండొచ్చు. ఆపడమే..." డాక్టరు మాట ఆపింది. "మీ అమ్మాయికి నేను చెప్పాలి."

"వద్దండి!"

ఆ కేక విని కూతురు ఉలిక్కిపడింది. అమ్మ గొంతు అంత పైకి లేవడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"వద్దండి, మీకు దండం పెడతాను. తన వల్లే ఇలా అయిందని తెలిస్తే అది బతకదండి. పైకి అలా అరుస్తుంది గానీ దానికి గుండె చాలదు. చిన్నప్పటి నుంచీ అంతే. నా చేతుల వల్లే అని చెప్పండి. నేను పెట్టిన దానివల్లే అయిందని రాసెయ్యండి. నాకైతే ఆరేళ్ళ నుంచి అలవాటే కదా. ఇంకో నాలుగేళ్ళు మోస్తాను. అది మోయలేదండి."

కూతురి చేతిలోంచి గౌను జారిపోయింది. ఆరేళ్ళ క్రితం ఇలాంటి తెర వెనకే అమ్మ నిలబడి నోరు మూసుకుంది. ఆ నోరు మూయించింది తను. ఆ రోజు ఒక్కసారి "ఏంటమ్మా, ఏదో చెప్పబోయావు" అని అడిగి ఉంటే, పిట్ట ఇవాళ ఆ మంచం మీద ఉండేది కాదేమో. బిడ్డకి ఏదైనా అయితే బాగుండునని కోరుకున్న తను ఒక వైపు, ఆ పాపం కూడా తన నెత్తినే వేసుకుంటానంటున్న అమ్మ ఒక వైపు. ఏడుస్తూనే వెళ్ళి తెర తీసింది.

అమ్మమ్మ అదిరిపడి లేచి నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"చేతులిలా ఇవ్వమ్మా" అంది కూతురు.

"కడుక్కోలేదే" అంది అమ్మమ్మ కంగారుగా. "దగ్గరికి రాకు. ఇందాక పిల్లకి పెట్టిన పప్పు ఇంకా వేళ్ళకి ఉంది. నువ్వు మళ్ళీ పిల్లని ముట్టుకోవాలి. నిజంగానే అంటుకుంది ఇవాళ."

ఆరేళ్ళలో ఆ చేతులు కడగాల్సిన అవసరం నిజంగా వచ్చింది ఆ ఒక్కరోజే. కూతురు అమ్మ వీపు వెనక్కి చేయి పోనిచ్చి మణికట్లు రెండూ పట్టుకుంది, వదల్లేదు. మూల ఉన్న కుళాయి దగ్గరికి నడిపించుకెళ్ళింది. నీళ్ళు వదిలి, అక్కడున్న సబ్బే చేతిలోకి తీసుకుంది. ఒక్కొక్క వేలూ విడదీసి రుద్దింది. గోళ్ళ సందుల్లో, వేళ్ళ మధ్యలో, అరచేతి గీతల్లో. పార్లర్‌లో రోజూ చేసే పనే. అమ్మ వేళ్ళ చివర గీతలు అసలు లేవు, ఎప్పుడో కాలిపోయాయి. ఆ సంగతి ఆమెకి అప్పటిదాకా తెలియదు.

"అంతా విన్నానమ్మా" అంది.

అమ్మమ్మ మోచేత్తో కుళాయి కాస్త తగ్గించింది.

"డాక్టరమ్మకి తెలియదులే. ఖచ్చితంగా చెప్పలేనందిగా" అంది. "ఏడవకు. నువ్వు ఏడిస్తే పిల్ల భయపడుతుంది."

"తిట్టమ్మా నన్ను. ఒక్కసారి తిట్టు."

"ఇప్పుడా? ఓపిక లేదే" అంది అమ్మమ్మ. "ఇంటికెళ్ళాక చూద్దాం."

"ఇంటికే వెళదాం. మన ఇంటికి."

కూతురు ఇంకా రుద్దుతూనే ఉంది. అమ్మమ్మ చేతులు వెనక్కి తీసుకోబోయింది.

"చాలమ్మా. ఆ నలుపు పోదు."

"తెలుసు" అంది కూతురు. "పప్పు పోయిందో లేదో చూస్తున్నాను."

తన పైబట్టతోనే ఆ చేతులు తుడిచింది. అవతల పిట్ట కళ్ళు తెరిచి సన్నగా, "అమ్మమ్మా" అంది. అమ్మమ్మ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. అలవాటు పోలేదు. రెండు చేతులూ చాపి, అనుమతి కోసం కూతురి వైపు చూసింది.

కూతురు చూడలేకపోయింది. ఆ చేతుల్లో ఒకదాన్ని పట్టుకుని మంచం దగ్గరికి తీసుకెళ్ళి, తనే పిట్ట నుదుటి మీద పెట్టింది.